మేం పెంచి పెద్దచేసిన నాగమణి

నా ఉద్యోగ జీవితంలో నేను అందరికన్నా ఎక్కువగా గౌరవించిన నర్సు పేరు నాగమణి. నాగాయలంక పక్కన చిన్న పల్లె. మనిషి నెమ్మది. పూరీ అంటే ప్రాణం. ఆవిడ ఇప్పుడు లేదు. కంగారుపడకండి, చనిపోలేదు, అసలు పుట్టనే లేదు. గుడివాడలో ఒక హోటలు మేడమీది హాల్లో ఎనిమిది మంది పెద్దమనుషులం కూర్చుని, టీ తాగుతూ ఆవిడను తయారుచేశాం. తర్వాత ఆవిడను చూపించి నిజం నర్సుల్ని కొందరిని ఫెయిల్ చేశాం. 'చేశాం' అని రాయడం కూడా తప్పించుకోవడమే. చేశాను.

ఇది రాయడానికి కూర్చున్నప్పటి నుంచీ నాకు ఊరికే నవ్వొస్తోంది. మా ఆవిడ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, చూసి వెళ్ళిపోయింది. తప్పు ఒప్పుకునేవాడు తల వేలాడేసుకుని ఉండాలని ఇన్నాళ్ళూ నేనూ అనుకున్నాను. నాలుగేళ్ళు కడుపులో దాచిన సంగతి అందరి ముందూ చెప్పేశాక ఒళ్ళు ఎంత తేలిగ్గా ఉంటుందో ఎవరూ నాకు చెప్పలేదు. సైకిలెక్కితే పెడల్ తొక్కకుండానే పోతున్నట్టుంది. పరీక్షలు తయారుచేసే ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇది చదువుతారు కాబట్టి, సంగతులన్నీ వరసగా చెప్తాను. మధ్యలో నవ్వితే క్షమించాలి.

నేను బందరువాణ్ణి. నర్సింగు చదివాను. ఆసుపత్రుల్లో ఆడవాళ్ళు సిస్టర్లు, మేం బ్రదర్లం. నన్ను 'బ్రదర్ గారు' అని ఎంత పిలిచారంటే, పెళ్ళిచూపుల్లో మా పెద్ద డాక్టరు నన్ను అమ్మాయికి కూడా అలాగే పరిచయం చేశాడు. అయినా ఆవిడ ఒప్పుకుంది. పదేళ్ళు డయాలిసిస్ వార్డులో పనిచేశాను. మూత్రపిండాలు పనిచేయని వాళ్ళ రక్తాన్ని మెషిన్ తో శుభ్రం చేసే వార్డు అది. పేషెంటు వారానికి రెండు మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు సూదులతో మెషిన్ కి కట్టుబడి ఉంటాడు. ఆ తర్వాత నర్సులకు సర్టిఫికెట్ పరీక్ష పెట్టే ఒక సంస్థలో చేరాను. చదువు పూర్తయి ఉద్యోగం చేసుకుంటున్న నర్సు, ఈ డయాలిసిస్ పని తనకు నిజంగా వచ్చునని రుజువు చేసుకోవడానికి రాసే పరీక్ష. ఆ పరీక్షను తయారుచెయ్యడం, ఏటా బాగుచెయ్యడం నా పని. పోయిన ఏడాది, యాభై నాలుగేళ్ళకే, దాన్ని వదిలేశాను. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ప్రశ్నలు దొరికే చోటు

ఎవరో ఇద్దరు ప్రొఫెసర్లు లావుపాటి పుస్తకం ముందేసుకుని ప్రశ్నలు గీకుతారని చాలామంది అనుకుంటారు. నేనూ మొదటిరోజు ఆ పుస్తకం చంకలో పెట్టుకునే ఆఫీసుకు వెళ్ళాను. మా పై అధికారి రాజ్యలక్ష్మి గారు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చిన మనిషి. ఆవిడ నన్నూ పుస్తకాన్నీ చూసి, "అది ఇక్కడ పెట్టి వెళ్ళవయ్యా. చదివినవాళ్ళు ఈ గదిలో సరిపోయినంత మంది ఉన్నారు" అంది.

"ఎక్కడికి వెళ్ళమంటారండీ?"

"వార్డులకి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నర్సు ఏం చేస్తుందో, ఏది తరచు చేస్తుందో, ఏది తప్పితే ప్రాణం మీదికొస్తుందో రాసుకురా. దాన్నిబట్టి ఏ విషయం మీద ఎన్ని ప్రశ్నలో తేలుస్తాం."

అదే అసలు పునాది. అయిదారేళ్ళకోసారి ఆ తిరుగుడు మళ్ళీ తిరగాలి, ఎందుకంటే పని మారుతుంది, మెషిన్లు మారతాయి. రెండోసారి తిరిగినప్పుడే బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలిసిస్ హాల్లో మెహరున్నీసాను చూశాను. డిప్లొమా చదివిన నర్సు. వాళ్ళ నాన్న గిలకలదిండి హార్బరులో బోటు ఇంజన్లు బాగుచేసేవాడట. ఆ చెవి కూతురికి వచ్చింది. ఇటు సూదికి టేపు వేస్తూ, వెనక నాలుగో మెషిన్ శబ్దం తేడాగా ఉందని తల తిప్పకుండానే చెప్పేది.

ఆరోజు పోలయ్య అనే పేషెంటు వచ్చాడు. ఒకప్పుడు వేటకెళ్ళేవాడు. డయాలిసిస్ వాళ్ళు నీళ్ళు కొలిచి తాగాలి. ఎక్కువ తాగితే ఆ నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. అతను బరువు చూసే మిషన్ ఎక్కకముందే మెహరున్నీసా అతని నడుం వైపు చూసింది.

"మొలతాడు బిగిసింది మావయ్యా. రెండు కేజీల పైనే తాగావు."

"నీ మీద ఒట్టు సిస్టరమ్మా. గుక్కెడే."

"గుక్కెడంటే? చెంబుతోనా, బిందెతోనా?"

"ఎండలు చూడు ఎలా ఉన్నాయో."

"ఎండని తాగమన్నానా? ఎక్కు ముందు."

ఎక్కాడు. పోయినసారి కన్నా రెండు కేజీల మూడొందలు ఎక్కువ. నేను నోట్సు రాసుకోవడం మర్చిపోయి అలా నిలబడిపోయాను. మొలతాడు గురించి పరీక్షలో అడగలేం. కానీ ఆ మనిషి ఎలాంటి నర్సో ఆరోజే నా కళ్ళతో నేను చూశాను. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను మర్చిపోయాను కాబట్టే ఇదంతా జరిగింది.

తప్పులు అడుక్కోవడం

నాలుగు జవాబుల ప్రశ్నలో సరైన జవాబు రాయడం ఎవరికైనా వస్తుంది. మిగతా మూడు తప్పులు రాయడమే విద్య. చదవనివాళ్ళకి అవి ఒప్పుల్లా కనపడాలి, చదివినవాళ్ళకి తప్పని తెలియాలి. గుడివాడ నుంచి మా దగ్గరికి వచ్చే కిడ్నీ డాక్టరు ప్రసాద్ గారు మొదట్లో ఒక ప్రశ్న రాసిచ్చారు. మెషిన్ మీద ఉన్న పేషెంటుకి హఠాత్తుగా చెమటలు పట్టి రక్తపోటు పడిపోతే ముందు ఏం చేస్తారు అని. మూడు జవాబులు బాగానే ఉన్నాయి. నాలుగోది, 'పేషెంటును ఇంటికి పంపిస్తాను'.

రాజ్యలక్ష్మి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "డాక్టరు గారూ, ఎవరైనా ఈ నాలుగోది పెడితే వాళ్ళని మనమే ఇంటికి పంపిద్దామండీ."

మంచి తప్పులు కావాలంటే తప్పు చేసినవాళ్ళనే అడగాలి. నేను బందరు లడ్డూ పొట్లాలు సంచిలో వేసుకుని వార్డులకి తిరిగేవాణ్ణి. "అమ్మా, మీరు ఎప్పుడైనా కంగారులో ఏం చేశారో చెప్పండి, పేర్లు రాసుకోను" అనేవాణ్ణి. మొదటి పావుగంట అందరూ దేవతలే. రెండో లడ్డూ దగ్గర ఎవరో ఒకరు నోరు విప్పేవాళ్ళు. ఇక ఆపడం నా వల్ల అయ్యేది కాదు. ఒకావిడ తన తప్పు చెప్పి, పక్కావిడ తప్పు చెప్పి, చివరికి వాళ్ళ ఆయన తప్పులు కూడా చెప్పింది. అవి పరీక్షకి పనికిరాలేదు.

గ్లాసుడు మజ్జిగ

కొత్త ప్రశ్నను తిన్నగా పరీక్షలో లెక్కపెట్టకూడదు. ముందు పాత ప్రశ్నల మధ్యలో కలిపి పెడతాం, దానికి మార్కు ఉండదు, రాసేవాళ్ళకి ఏది కొత్తదో తెలియదు. తర్వాత చూస్తాం. మొత్తం పరీక్ష బాగా రాసినవాళ్ళు ఈ ప్రశ్నని కూడా బాగా రాస్తే అది మంచి ప్రశ్న. వాళ్ళే తప్పు రాసి, మిగతా పరీక్ష పాడుచేసినవాళ్ళు దీన్ని ఒప్పు రాస్తే, ఆ ప్రశ్నలో ఏదో పురుగుందన్నమాట.

నేను గర్వంగా రాసిన ప్రశ్న ఒకటుంది. రిటైరైన ప్రశ్న కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు. పేషెంటు రోజుకి ఇంత ద్రవం తీసుకోవచ్చు, ఉదయం రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు, సాయంత్రానికి ఎంత మిగిలింది? తేలిక లెక్క. ఫలితాలొచ్చాయి. అవనిగడ్డ, మోపిదేవి వైపు వార్డుల్లో పనిచేసే మంచి మంచి నర్సులంతా తప్పు రాశారు, అందరూ ఒకే తప్పు.

"ఇంత చిన్న తీసివేత రాదాండీ వీళ్ళకి" అన్నాను.

"బ్రదరూ," అంది రాజ్యలక్ష్మి గారు, "బాగా వచ్చినవాళ్ళంతా కూడబలుక్కున్నట్టు ఒకే జవాబు రాశారంటే వాళ్ళకి తెలిసినదేదో నీకు తెలియదు. బస్సెక్కు."

ఎక్కాను. అవనిగడ్డలో ఒక సిస్టరు నా ప్రశ్న విని, లోపలికి వెళ్ళి, తన ఇంట్లో మజ్జిగ తాగే స్టీలు గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. దాంతో ఒక పూట స్నానం చెయ్యొచ్చు. నేను పుస్తకంలో చూసిన గ్లాసుకి రెండింతలు. "మేం పేషెంటుని ఏ గ్లాసు అని అడుగుతామండీ. మీరు అడగలేదు కదా, అందుకని మా గ్లాసే అనుకున్నాం" అంది.

ఆ ప్రశ్నను తీసేశాం. మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. ప్రశ్న రిటైరైతే, దాన్ని రాసినవాళ్ళు అందరికీ లడ్డూలు పంచాలి. నేను పంచాను. రాజ్యలక్ష్మి గారు తన లడ్డూ తింటూ, "ఫెయిలయింది ప్రశ్న, పిల్లలు కాదు. ఎవరైనా తప్పితే ముందు మనల్ని మనం చూసుకోవాలి" అంది. నేను తలూపాను. అప్పట్లో నేను తలూపినన్ని సార్లు ఇంకెవరూ ఊపి ఉండరు.

గీత

ఇప్పుడు అసలు సంగతి. ఎన్ని మార్కులొస్తే పాస్? నూటికి ముప్ఫై అయిదనో యాభై అనో ముందే గుండుగుత్తగా పెట్టేస్తే కుదరదు, ఎందుకంటే ఒక ఏడాది ప్రశ్నలు కష్టంగా ఉంటాయి, ఒక ఏడాది తేలిగ్గా ఉంటాయి. అందుకని ఒక పద్ధతి ఉంది. అనుభవమున్న కొందరు ఒకచోట కూర్చుంటారు. ముందుగా ఒక నర్సును ఊహించుకుంటారు. గొప్ప నర్సు కాదు, పనికిరాని నర్సూ కాదు. సరిగ్గా గీత మీద నిలబడిన మనిషి, సర్టిఫికెట్ ఇస్తే పేషెంటుకి ప్రమాదం లేదు అనగలిగినంత మటుకే వచ్చిన మనిషి. తర్వాత ఒక్కో ప్రశ్న చదివి, ఇలాంటి నర్సులు వందమంది రాస్తే ఎంతమంది సరిగ్గా రాస్తారు అని ఎవరికి వాళ్ళు అంకె వేస్తారు. అన్ని అంకెలూ కలిపి సగటు తీస్తే పాసు గీత వస్తుంది.

దీనికి రాజ్యలక్ష్మి గారి నియమాలు రెండు. ఊహించుకునే నర్సు వివరం ఏటా కొత్తగా రాయాలి. కూర్చునేవాళ్ళలో కొందరు ఏటా మారాలి, వాళ్ళలో ఒకరైనా ఈమధ్యే పనిలో చేరినవాళ్ళుండాలి. ఆవిడ రిటైరయ్యాక ఆ కుర్చీ నాకిచ్చారు. నేను ఆ రెండు నియమాలనీ ఎంతో ప్రేమగా పక్కన పెట్టాను.

నాగమణి సంసారం

కారణం ఒక్కటే. మా ఎనిమిది మందికీ ఒకరంటే ఒకరికి తెగ ఇష్టం. ప్రసాద్ గారు జోకులు, బందరు నుంచి వచ్చే సీనియర్ నర్సు మరియమ్మ గారు వాటికి ఎదురు జోకులు. ఏడాదికి రెండు రోజులు ఆ హోటల్లో కూర్చుంటే పెళ్ళివారి విడిదిలా ఉండేది. వీళ్ళని మార్చి ఎవరో కొత్తవాళ్ళని తేవడానికి మనసొప్పలేదు.

మొదటి ఏడాది నేను బోర్డు మీద రాశాను: వార్డులో ఏడాదిన్నర అనుభవం, అలారం మోగితే కంగారు, కానీ పారిపోదు. మరియమ్మ గారు, "పేరు లేకుండా మనిషి ఎలా గుర్తుంటుందండీ, నాగమణి అని పెట్టండి" అన్నారు. ఊరు ప్రసాద్ గారిచ్చారు. పూరీ నేనిచ్చాను.

రెండో ఏడాది వివరం మళ్ళీ రాయాలి. "మళ్ళీ ఎందుకండీ, మన నాగమణే కదా" అన్నారు అందరూ.

"ఆ పిల్లకి పెళ్ళి చేద్దామండీ," అన్నారు మరియమ్మ గారు. "ఎన్నాళ్ళని ఒక్కతే బస్సుల్లో తిరుగుతుంది."

చేశాం. వరుడు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ గాజులు చేసేవాడు. మంచి సంబంధం. మూడో ఏడాది పాప పుట్టింది. మందు మోతాదు లెక్క మీద ఒక ప్రశ్న వస్తే ప్రసాద్ గారు, "ఇంట్లో పాపకి చుక్కల మందు లెక్కపెట్టి పోసే మనిషి, ఈమాత్రం లెక్క రాదా" అని నలభై కొట్టేసి అరవై వేశారు. నాలుగో ఏడాది నాగమణి షిఫ్టు ఇన్‌ఛార్జి అయింది. అయిదో ఏడాది కొత్తవాళ్ళకి పాఠాలు చెప్తోంది. ఒకసారి నేను ఒక కష్టమైన ప్రశ్నకి ముప్ఫై అంటే మరియమ్మ గారు పెన్ను కింద పెట్టేశారు.

"మా నాగమణిని అంత మాటంటారా మీరు?"

"అది కాదండీ..."

"పోయిన ఏడాది ఇలాంటిదే చెయ్యలేదూ? మీరే మెచ్చుకున్నారు."

నిజమే, మెచ్చుకున్నాను. డెబ్బై వేశాను.

ఎలా జరిగిందో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. గీత మీద ఎప్పటికీ కదలకుండా నిలబడాల్సిన మనిషిని మేం పెళ్ళిచేసి, పిల్లల్ని పుట్టించి, ప్రమోషన్లిచ్చి పెంచాం. ఆవిడ ఎదిగినకొద్దీ పాసు గీత ఆవిడతో పాటు పైకి లేచింది. పరీక్ష రాస్తున్నవాళ్ళలో ఎక్కువమంది మాత్రం ఏటా ఏడాదిన్నర అనుభవంతోనే వస్తున్నారు. ఫెయిలయ్యేవాళ్ళు పెరుగుతుంటే నేను ఏటా నివేదికలో 'మా ప్రమాణాలు పెరుగుతున్నాయి' అని రాశాను. ఆ వాక్యాలు తిరిగి చదివితే ఇప్పుడు నాకు పొట్ట చెక్కలవుతుంది, దాని వెనకే ఏడుపూ వస్తుంది.

జ్యోతి అడిగిన ప్రశ్న

ఆరో ఏడాది మా ఎనిమిది మందిలో ఒకాయన రాలేకపోయాడు. అతని బదులు గుడివాడ నుంచి జ్యోతి అనే నర్సును పిలిచాం. రెండేళ్ళ అనుభవం. పొద్దున్నంతా నోరెత్తలేదు. మేం ప్రశ్న ప్రశ్నకీ నాగమణి మంచి చెడ్డలు మాట్లాడుకుంటుంటే కళ్ళు పెద్దవి చేసుకుని వింది. మధ్యాహ్నం టీ దగ్గర చెయ్యెత్తింది.

"చిన్న సందేహమండీ. ఈ నాగమణి గారు పరీక్ష రాయడం ఎందుకండీ? ఆవిడే పేపరు దిద్దొచ్చు కదా."

హాలంతా ఒకటే నవ్వు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. ప్రసాద్ గారికి టీ పొలమారింది. తర్వాత యథాప్రకారం అంకెలు వేసుకుని లేచాం.

బందరు బస్సులో, పామర్రు దాటాక, నా నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల అన్నది జోకు కాదు. ఏడాదిన్నర అనుభవమున్న నర్సు ఎలా ఉంటుందో ఆ గదిలో తెలిసింది ఆ పిల్లకొక్కదానికే.

అప్పుడే ఫోన్ చేసి, ఈ గీత చెల్లదు, మళ్ళీ కూర్చుందాం అని ఉండాల్సింది. పరీక్షకి ఇంకా మూడు వారాలు టైముంది. నేను ఏం అనుకున్నానంటే, ఈ ఏడాదికి ఇలా పోనిద్దాం, వచ్చే ఏడాది ఎవరికీ తెలియకుండా బాగుచేద్దాం అని. పరువుగా, చప్పుడు లేకుండా. ఆ ఏడాది పరీక్ష రాసినవాళ్ళలో మెహరున్నీసా ఉంది.

నేను ఫోన్లో అన్న మాట

రెండు మార్కుల్లో ఫెయిలయింది. ఆవిడ ఆసుపత్రివాళ్ళు అవనిగడ్డలో కొత్త డయాలిసిస్ సెంటరు తెరుస్తున్నారు. ఇన్‌ఛార్జి పోస్టు ఆవిడకే అనుకున్నారట, సర్టిఫికెట్ ఒక్కటే అడ్డు. వాళ్ళ మేనేజరు నాకు ఫోన్ చేశాడు.

"రెండు మార్కులే కదండీ. మనిషి బాగా పనిచేస్తుంది. మీరేమంటారు?"

ఆ గీత తప్పని నాకు తెలుసు. మొలతాడు చూసి బరువు చెప్పిన మనిషి ఎవరో కూడా తెలుసు. అయినా ఆ నిమిషంలో నా పరీక్షని నేను కాపాడుకోవాలి. "ఆవిడకి ఆ స్థాయి లేదండీ" అన్నాను. నాలుగు మాటల్లో అయిపోయింది. పోస్టు వేరేవాళ్ళకి వెళ్ళింది.

తర్వాతి ఏడాది మనుషుల్ని మార్చి, జ్యోతిని మళ్ళీ పిలిచి, కొత్తగా ఒక నర్సుని ఊహించుకున్నాం. ఈసారి పేరు పెట్టనివ్వలేదు. గీత గబుక్కున కిందికి దిగింది. ఎందుకని అడిగితే ఈ ఏడాది పేపరు కష్టం అన్నాను. అబద్ధం.

ఆపైన రెండేళ్ళు పరీక్షకి పేరిచ్చినవాళ్ళ జాబితాలో మెహరున్నీసా కోసం వెతికాను, లేదు. బందరులో ఒక శిక్షణ తరగతిలో కనపడితే, ఏమీ ఎరగనట్టు, మళ్ళీ రాయలేదేమమ్మా అని అడిగాను.

"నాకు ఆ స్థాయి లేదు కదండీ" అంది. నవ్వుతూనే అంది. ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో ఆవిడకి తెలియదు.

మర్నాడు మా అధ్యక్షుడికి ఉత్తరం రాశాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, "మూసిన ఫలితాలు తెరిస్తే సంస్థ పరువేమవుతుంది? మీరు అసలే చెప్పకుండా ఉంటే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. నాకు తెలుస్తుందండీ, అది చాలా ఇబ్బందిగా ఉంది అన్నాను. నాలుగు సమావేశాలు పట్టింది. చివరికి బయటి జిల్లాల వాళ్ళని పిలిచి, ఫలితాలు చూపించకుండా, ఆ ఏడాది పేపరుకి మళ్ళీ గీత వేయించారు. మెహరున్నీసా, ఇంకా కొందరు, పాస్. నేను తప్పుకోవాలన్నారు. ఆ మాట కోసం ఎదురుచూస్తున్నవాడిలా ఎంత తొందరగా సంతకం పెట్టానంటే వాళ్ళే ఖంగుతిన్నారు.

కదలని శ్రోతలు

సర్టిఫికెట్ పోస్టులో పంపాల్సింది. నేను పట్టుకెళ్తానని అడిగి తీసుకున్నాను. డయాలిసిస్ హాల్లో ఆరుగురు పేషెంట్లు మెషిన్ల మీద ఉన్నారు. పోలయ్యకి అప్పుడే సూదులు పెట్టారు. ఆవిడని పక్కకి పిలిచి, కాగితం ఇచ్చి, మెల్లిగా చెప్పడం మొదలుపెట్టాను. నా తప్పు, గీత తప్పు, ఫోన్లో ఆ మాట అన్నది నేనే అని.

ఆవిడ కాగితం మొత్తం చదివింది. మడిచి జేబులో పెట్టుకుంది.

"ఇది చెవిలో చెప్తే ఎలాగండీ? ఆ మాట మేనేజర్ గారు నాకు ఇక్కడే, ఈ హాల్లో, అందరూ వింటుంటే చెప్పారు. మీరూ ఇక్కడే చెప్పండి."

"అందరి ముందూనా?"

"చెప్పండి బాబూ," అన్నాడు పోలయ్య మంచం మీంచి. "ఇంకా మూడున్నర గంటలుంది. మేం ఎక్కడికీ లేచిపోలేం."

ఆవిడ మేనేజర్ని కూడా పిలిపించింది. ఆరు మంచాల మధ్య నిలబడి మొదటినుంచీ చెప్పాను. నాగమణి పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి ఎవరో కిసుక్కుమన్నారు. పాప పుట్టిన దగ్గర హాలు ఆగలేదు. మెహరున్నీసా మంచం మంచానికీ పరుగెత్తి, "చెయ్యి కదపకండి, సూది జరుగుతుంది, నవ్వితే నోటితో నవ్వండి" అని కేకలేస్తోంది. పెడన నుంచి వచ్చే ఒక పెద్దావిడ, "అయితే ఆ పిల్ల జీతం ఎవరు తీసుకున్నారు బాబూ?" అని అడిగింది. నాకూ నవ్వొచ్చేసింది. ఎన్నేళ్ళ తర్వాతో అంత నవ్వు నవ్వాను.

నవ్వులు తగ్గాక పోలయ్య అన్నాడు. "లేని పిల్లని అందలమెక్కించి ఉన్న పిల్లని నిలబెట్టేశారు." కోపంగా అనలేదు. వల చిరిగిన చోటు వేలితో చూపించినట్టు అన్నాడు.

మేనేజరు, అవనిగడ్డ పోస్టులో ఇప్పుడు వేరే ఆవిడ స్థిరపడిందనీ, ఆవిడని కదపలేననీ చెప్పాడు. మెహరున్నీసా, "ఆవిడేం తప్పు చేసింది, ఉండనివ్వండి" అంది. ఇది నేను సరిచెయ్యలేనిది. ఎంత నవ్వినా ఈ ముక్క నవ్వులో కరగదు. ఆవిడకి ఏం కావాలో, నావల్ల ఏమవుతుందో చెప్పమని అడిగాను.

ఆవిడ ఒక మెషిన్ అంకెలు చూసి చార్టులో రాసుకుంది. "మీరు అందరూ కూర్చుంటారన్నారు చూడండి, ఆ గది. అందులో నాకు కుర్చీ వేస్తారా?"

"నాకిప్పుడు ఆ అధికారం లేదమ్మా. అడిగి చూస్తాను."

"ఇక్కడినుంచే అడగండి. అందరూ వింటారు."

ఇప్పుడు నా పని చూస్తున్నది జ్యోతి. స్పీకరు పెట్టి ఫోన్ చేశాను. సంగతి విని జ్యోతి అంది. "సార్, ఆవిడ వస్తారా? నేను అడుగుదామనే అనుకున్నాను. ఏ మొహంతో అడగాలో తెలియక ఆగాను."

"వస్తాను" అంది మెహరున్నీసా ఫోను వైపు వంగి. "కానీ మంగళ, శుక్రవారాలు వద్దు. పోలయ్య మావయ్య వంతు."

గదిలో

పోయిన నెల గుడివాడలో కూర్చున్నారు. పాత ప్రశ్నల చరిత్ర తెలిసినవాణ్ణని నన్నూ పిలిచారు. రహస్యం కాపాడతానని మళ్ళీ సంతకం పెట్టించుకుని, నోరు మెదపకూడదని చెప్పి, వెనక వరసలో కూర్చోబెట్టారు. కాబట్టి ప్రశ్న ఏమిటో మీకు చెప్పను. మెషిన్ లోపలి నీళ్ళలో ఉప్పు పాళ్ళు తేడా వచ్చి అలారం మోగడం గురించి, అంతవరకే.

అంకెలు చదివారు. ఎనభై, డెబ్బై అయిదు, ఎనభై. మెహరున్నీసా ముప్ఫై.

కొత్తగా వచ్చిన డాక్టరు ఒకాయన ముందుకి జరిగాడు. "ముప్ఫై ఏమిటమ్మా? ఈ కారణం కనిపెట్టలేని మనిషికి సర్టిఫికెట్ ఎలా ఇస్తాం?"

"మొదటి ఏడాది నాకూ తెలియదండీ."

"మరి ఏం చేశారు?"

"తేడా వస్తే మెషినే ఆ నీళ్ళని పేషెంటు వైపు పోనివ్వదండీ. నేను అలారం ఆపేసి ఊరుకోకుండా టెక్నీషియన్ని కేకేశాను. అతను వచ్చి కారణం చూశాడు. ఏడాదిన్నర పిల్లకి తెలియాల్సింది కేకెయ్యాలనే. కారణం మెల్లిగా నేర్చుకుంటుంది. ఈ నాలుగు జవాబుల్లో 'పిలుస్తాను' అన్నది ఎక్కడుందండీ?"

అందరూ కాగితాల మీదికి వంగారు. లేదు. ఆ ప్రశ్న రాసింది నేనే, చాలా ఏళ్ళ కిందట. అందులో ఆ జవాబు లేదన్న సంగతి ఇన్నేళ్ళలో మా ఎనిమిది మందిలో ఒక్కరికీ తట్టలేదు. నాకు లోపలినుంచి నవ్వు తన్నుకొచ్చింది. జేబురుమాలు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.

మెహరున్నీసా వెనక్కి తిరిగింది. "బ్రదర్ గారూ, మీరు బయటికెళ్ళి నవ్వుకోండి. ఇక్కడ లెక్క తప్పుతోంది."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. తలుపు పూర్తిగా పడలేదు. లోపల ఆ డాక్టరు గారు, "అయితే ఈ ప్రశ్న పక్కన పెట్టి, మార్చి తెద్దాం" అంటున్నాడు. మిగతావాళ్ళు సరేనన్నారు. తర్వాతి ప్రశ్న చదివారు. అంకెలు చెప్పమంటే ఎవరూ ముందు మాట్లాడలేదు. ఆవిడ ఏమంటుందో వినడానికి ఆగారు.